50,000 రూపాయల్లో పిల్లకు ఏది కొనాలి: వందల శబ్దాల కీబోర్డా, పది శబ్దాల డిజిటల్ పియానోనా?

మిర్యాలగూడ నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళ్తాను. పదేళ్ల మీ అమ్మాయి ఎనిమిది నెలలుగా మేనమామ ఇచ్చిన 61 మెట్ల కీబోర్డు మీద పియానో పాఠాలు సాధన చేస్తోంది. ఇక ఇంట్లో పియానో లేకుండా పాఠం ముందుకు సాగదని టీచరుగారు చెప్పారు. మీరు అనుకున్న మొత్తం 50,000 రూపాయలు. దుకాణంలో ఇంచుమించు ఒకే ధరకు రెండు చూపించారు: వందల కొద్దీ శబ్దాలు, తాళాలు ఉన్న పెద్ద కీబోర్డు ఒకటి, పది శబ్దాలు మాత్రమే ఉన్న 88 మెట్ల డిజిటల్ పియానో మరొకటి. అంత డబ్బు పోసి పది శబ్దాలు కొనడమేమిటని మీకు సందేహం కలిగింది. ఇల్లు రెండు గదులదని, పక్కింటికీ మీకూ మధ్య ఒకే గోడ అని కూడా రాశారు.

పది శబ్దాలు ఉన్నదే కొనండి. పియానో నేర్చుకునే పిల్ల కోసం మీరు డబ్బు పెట్టవలసింది మెట్ల కింద ఉండే బరువు మీద. మిగిలిన హంగులన్నీ దాని తర్వాతే వస్తాయి. నేను నల్గొండలో 22 ఏళ్లుగా పిల్లలకు పియానో, కీబోర్డు రెండూ నేర్పుతున్నాను. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులు తొందరపడి, రెండేళ్లలో మళ్లీ కొనవలసి రావడం చాలాసార్లు చూశాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ నాన్నగారు భజన మండలిలో హార్మోనియం వాయించేవారని రాశారు. అందువల్ల ఆ వాద్యంతో పోల్చి చెబితే మీకు తేలికగా అర్థమవుతుంది. హార్మోనియం మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా స్వరం ఒకే తీరుగా పలుకుతుంది. ధ్వనిని పెంచేది, తగ్గించేది తిత్తి ఆడించే చెయ్యి. పియానోకు తిత్తి లేదు. మెట్టు నొక్కగానే లోపల ఉన్ని చుట్టిన సుత్తి ఒకటి లేచి తీగను కొడుతుంది, ఆ సుత్తి ఎంత వేగంగా వెళ్లి తగిలితే స్వరం అంత గట్టిగా పలుకుతుంది. అంటే హార్మోనియంలో తిత్తి చేసే పని మొత్తాన్ని పియానోలో పది వేళ్లు పంచుకుని చేయాలి. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలొమేయో క్రిస్తొఫొరి ఈ వాద్యాన్ని రూపొందించినప్పుడు దాని ప్రత్యేకత ఇదే. ఇటాలియన్ భాషలో 'పియానో' అంటే మెల్లగా, 'ఫోర్తే' అంటే గట్టిగా. పియానోఫోర్తే అన్న పూర్తి పేరు ఆ గుణాన్ని బట్టి వచ్చింది.

డిజిటల్ పియానోలో తీగలు ఉండవు. ప్రతి మెట్టు కింద రెండు లేదా మూడు సెన్సార్లు ఉంటాయి. మెట్టు కిందికి దిగుతూ ఒక సెన్సారు నుంచి మరో సెన్సారుకు చేరడానికి పట్టిన సమయాన్ని యంత్రం కొలిచి, ఆ వేగాన్ని బట్టి స్వరాన్ని మెల్లగానో గట్టిగానో వినిపిస్తుంది. ఈ కొలత కొన్ని మామూలు కీబోర్డుల్లో కూడా ఉంటుంది, దాన్నే టచ్ రెస్పాన్స్ అంటారు. కాబట్టి అమ్మేవాళ్లు 'ఇందులో కూడా టచ్ ఉంది సార్' అంటే అది అబద్ధం కాదు, కానీ దానితో మీ అవసరం తీరదు. కీబోర్డు మెట్టును పైకి తెచ్చేది స్ప్రింగు. పియానో మెట్టుకు వెనక ఒక బరువు తగిలించి ఉంటుంది, వేలు ఆ బరువును లేపుతుంది, వదలగానే అది తన బరువుతోనే తిరిగి పడుతుంది. పైగా అసలు పియానోలో మంద్ర స్వరాల సుత్తులు పెద్దవి, తార స్వరాల సుత్తులు చిన్నవి కావడంతో, మంచి డిజిటల్ పియానోల్లో కూడా ఎడమవైపు మెట్లు కొంచెం బరువుగా, కుడివైపు వెళ్లే కొద్దీ తేలికగా ఉండేలా చేస్తారు.

ఈ తేడా ఎంత దూరం తీసుకువెళ్తుందో నాకు ఒక విద్యార్థిని వల్ల తెలిసింది. నకిరేకల్ నుంచి బస్సులో వచ్చి నేర్చుకునే ఆ పిల్ల మూడేళ్లు 61 మెట్ల కీబోర్డు మీదే సాధన చేసింది. స్వరం తప్పేది కాదు, లయ తప్పేది కాదు. పరీక్ష కోసం హైదరాబాద్ వెళ్లినప్పుడు అక్కడ ఉన్నది తీగల పియానో. దాని మీద ఆమె ఉంగరపు వేలు, చిటికెన వేలు నొక్కిన స్వరాల్లో చాలా వరకు వినపడనే లేదు, ఎందుకంటే ఆ వేళ్లకు బరువు లేపే అలవాటు లేదు. బొటనవేలు పడిన చోట మాత్రం స్వరం పెద్దగా మోగేది. పాట వంకరగా వినిపించింది, పిల్ల కళ్ల నీళ్లతో బయటికి వచ్చింది. ఖర్చు మాట ఎత్తడానికి మొహమాటపడి నేను ఆ తల్లిదండ్రులకు ముందుగా చెప్పలేదు. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి ఆరో నెలలోపు ఈ సంగతి ప్రతి ఇంటివాళ్లతోనూ సూటిగా మాట్లాడుతున్నాను. మీ టీచరుగారు ఎనిమిదో నెలలో చెప్పారంటే సరైన సమయంలోనే చెప్పారు.

దుకాణంలో మూడు మాటలు వినిపిస్తాయి: టచ్ సెన్సిటివ్, సెమీ వెయిటెడ్, హ్యామర్ యాక్షన్. పైన చెప్పిన సుత్తి లాంటి బరువు మెట్ల వెనక ఉంటే దాన్నే హ్యామర్ యాక్షన్ అంటారు, ఆ మూడో మాట ఉన్నదే మీకు కావాలి. 88 మెట్లు ఉన్నంత మాత్రాన అది పియానో అయిపోదు. 88 మెట్లు ఉండి కూడా స్ప్రింగు మీదే నడిచే చవక వాద్యాలు ఆన్‌లైన్‌లో చాలా కనిపిస్తాయి, ఫొటోలో తేడా తెలియదు. ఒక గుర్తు చెబుతాను. హ్యామర్ యాక్షన్ ఉన్న వాద్యం స్టాండు లేకుండానే దాదాపు 10 కిలోలు, అంతకు మించి తూగుతుంది. 88 మెట్లు ఉండి ఆరేడు కిలోలే ఉందంటే అనుమానించండి.

ఇక పేర్ల విషయం. మీ డబ్బుకు దగ్గరలో నేను విద్యార్థుల ఇళ్లలో వాయించి చూసినవి మూడు: యమహా పి-145, కాసియో సీడీపీ-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పీ-10. మూడింటికీ హ్యామర్ యాక్షన్ ఉంది, మూడూ 88 మెట్లవే. ధరలు మారుతూ ఉంటాయి, పండుగల రోజుల్లో ఇంకా మారతాయి. సాధారణంగా వీటిలో కాసియో తక్కువకు, రోలాండ్ ఎక్కువకు దొరుకుతాయి, మొత్తంగా ఈ తరగతి వాద్యాలు సుమారు 40,000 నుంచి 60,000 రూపాయల మధ్య ఉంటాయి.

వేళ్ల కింది స్పర్శ ఒక్కటే చూసుకుంటే నా ఓటు రోలాండ్‌కు. మెట్టు కాస్త లోతుగా, నిదానంగా దిగుతుంది, దాదాపు అడుగుకు చేరే చోట తీగల పియానోలో ఉండే చిన్న పట్టు కూడా తెలుస్తుంది. అయితే మీ మొత్తానికి అది మించిపోతే అప్పు చేసి తీసుకోవలసినంత తేడా కాదు. యమహా పి-145 అన్నది 2015లో వచ్చిన పి-45 స్థానంలో 2023లో వచ్చింది, బరువు 11 కిలోల చిల్లర, పియానో స్వరం తేటగా ఉంటుంది, తెచ్చిన రోజు నుంచి పిల్లలు తడబడకుండా వాడుకోగలరు. కాసియోకు ఒక సౌకర్యం ఉంది: ఆరు పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. కరెంటు పోయే వేళలకు, చర్చికో బంధువుల ఇంటికో తీసుకువెళ్లడానికి ఇది బాగా పనికొస్తుంది. మీరు రాసిన పరిస్థితిని బట్టి నేనైతే పి-145ను గాని, మిగిలిన సామగ్రికి డబ్బు మిగలకపోతే సీడీపీ-ఎస్110ను గాని తీసుకుంటాను.

ఈ వాద్యాల కాగితాల మీద పాలీఫొనీ అని ఒక అంకె ఉంటుంది. ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో చెప్పే అంకె అది. యమహా, కాసియోలలో 64, రోలాండ్‌లో 96. వేళ్లు పదే కదా, 64 ఎందుకని అనుకోవచ్చు. పెడల్ తొక్కి ఉంచినప్పుడు ముందు నొక్కిన స్వరాలు ఆగకుండా మోగుతూనే ఉంటాయి, వాటి మీద కొత్తవి వచ్చి చేరుతాయి, అలా లెక్క పెరుగుతుంది. మీ అమ్మాయికి వచ్చే నాలుగైదేళ్ల పాఠాలకు 64 సరిపోతుంది. ఈ అంకె కోసం వేలకు వేలు అదనంగా పెట్టనక్కరలేదు.

50,000 మొత్తాన్నీ వాద్యం మీదే ఖర్చు చేయకండి. కనీసం ఆరేడు వేలు పక్కన పెట్టండి. స్టాండు, కూర్చునే బల్ల, పెడల్, హెడ్‌ఫోన్లు లేకపోతే ఎంత మంచి పియానో అయినా మంచం మీదో టీపాయి మీదో పడి ఉంటుంది, పిల్ల నడుము వంచి వాయిస్తుంది. మెట్ల పైభాగం నేల నుంచి సుమారు 72 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మన ఇళ్లలోని రాత బల్లలు ఉన్నవే 75 సెంటీమీటర్లు, దాని మీద పియానో పెడితే మెట్లు 85 దాకా వెళ్తాయి, భుజాలు పైకి లేస్తాయి, చేతులు త్వరగా నొప్పి పుడతాయి. కత్తెర ఆకారంలో మడిచే స్టాండ్లు చవకే కానీ బరువైన పియానో కింద ఊగుతాయి, మోకాళ్లకు అడ్డం వస్తాయి. మా వీధిలోని వడ్రంగితో నేను 60 సెంటీమీటర్ల ఎత్తు, 135 సెంటీమీటర్ల పొడవు ఉన్న చెక్క బల్ల చేయించాను, పద్నాలుగేళ్లుగా అదే వాడుతున్నాను, ఇంతవరకు కదలలేదు. మీ ఊళ్లో కూడా చేయించుకోవచ్చు. పియానో పొడవు సుమారు 130 సెంటీమీటర్లు కాబట్టి ముందు గోడ కొలుచుకోండి. పిల్ల మెట్ల మీద వేళ్లు ఉంచి కూర్చున్నప్పుడు మోచేయి మెట్ల ఎత్తుకు రావాలి. ఎత్తు మార్చుకునే బల్ల కొనలేకపోతే కుర్చీ మీద గట్టి దిండు వేసి సరిచేయండి, కాళ్లు నేలకు అందకపోతే కింద పీట వేయండి.

పెట్టెలో వచ్చే పెడల్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా, తేలికగా ఉంటుంది, గచ్చు మీద జారిపోతుంది. మొదటి ఏడాదికి దాని కింద రబ్బరు చాప ముక్క వేసి సరిపెట్టుకోవచ్చు. తర్వాత బరువుగా ఉండే అసలు ఆకారపు పెడల్ ఒకటి కొనండి.

హెడ్‌ఫోన్ల విషయంలో మీకు ఉమ్మడి గోడ ఉంది కాబట్టి ఈ ఖర్చు తప్పదు. తీగ ఉన్నవే తీసుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో మెట్టు నొక్కిన తర్వాత స్వరం చెవికి చేరడానికి కొంచెం ఆలస్యం అవుతుంది, పాట వినడానికి అది తెలియదు గాని వాయించేటప్పుడు లయను పాడు చేస్తుంది. కొన్ని పియానోలకు లావు రంధ్రం ఉంటుంది, దానికి చిన్న కన్వర్టరు కావాలి. ఇంకో సంగతి చాలామంది గమనించరు: హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా మెట్ల దబదబ చప్పుడు బల్ల గుండా, నేల గుండా పక్కగదికి వెళ్తుంది. బల్ల కాళ్ల కింద మందపాటి జంపఖానా మడిచి వేయండి, బల్లను ఉమ్మడి గోడకు ఆనించకండి.

మన ప్రాంతపు ఎండ గురించి, కరెంటు గురించి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. రేకుల కప్పు కింద గాని, పడమటి కిటికీ ఎదురుగా గాని పియానో పెట్టకండి, ఎండ నేరుగా పడితే ప్లాస్టిక్ మెట్లు రంగు మారతాయి, వంగే ప్రమాదమూ ఉంది. కూలర్ గాలి నేరుగా తగిలే చోట కూడా వద్దు, తేమ లోపలికి పోతుంది. ఈ పియానోలు 12 వోల్టుల అడాప్టరు మీద నడుస్తాయి. వోల్టేజీ ఎగుడుదిగుడులకు ముందు దెబ్బ తినేది ఆ అడాప్టరే. మా ఇంట్లో ఒక వర్షాకాలం రాత్రి పిడుగు పడినప్పుడు ప్లగ్గులో వదిలేసిన అడాప్టరు కాలిపోయింది, అదృష్టవశాత్తు పియానో మిగిలింది. అప్పటి నుంచి వాయించడం అయిపోగానే ప్లగ్గు తీసేయమని ప్రతి విద్యార్థికీ చెబుతున్నాను. అడాప్టరు పోతే బజారులో దొరికే ఏదో ఒకటి తగిలించకండి, కంపెనీ చెప్పిన నంబరుదే కొనండి. దుమ్ము పడకుండా నూలు బట్ట కప్పండి. మెట్ల దగ్గర తినుబండారాలు ఉంచనివ్వకండి, చీమలు లోపల చేరితే సెన్సార్ల మీది రబ్బరు పాడై కొన్ని స్వరాలు పలకవు.

'ఎలాగూ కొంటున్నాం, పాత తీగల పియానో తీసుకుంటే?' అని కొందరు అడుగుతారు. నా సలహా వద్దనే. అందులో దాదాపు 230 తీగలు ఉంటాయి, వాటన్నిటి బిగువు కలిసి టన్నుల్లో ఉంటుంది, ఎండకూ తేమకూ చెక్క వ్యాకోచించి సంకోచించి శ్రుతి జారుతుంది, ఏడాదికి ఒకటి రెండుసార్లు శ్రుతి చేయించాలి. మనకు ఆ పని తెలిసినవాళ్లు హైదరాబాద్ నుంచి రావాలి. నాకు తెలిసిన ఒక పాఠశాలలో అలాంటి పియానో ఉండేది, శ్రుతి చేయించడం మాని చివరకు దాని మీద రిజిస్టర్లు పేర్చారు. వాద్యం ఎంత గొప్పదైనా మనం దాన్ని పోషించగలగాలి.

ఇంతవరకు చెప్పినదానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. మీ అమ్మాయి ఆసక్తి సినిమా పాటల మీద, చర్చిలో తాళంతో పాటు వాయించడం మీద, లేదా కర్ణాటక స్వరాల మీద ఉంటే ఆ పెద్ద కీబోర్డే సరైనది. తాళాలు వాటంతటవే మోగడం, వేణువు, వీణ, తబలా శబ్దాలు ఉండడం అక్కడ నిజమైన ఉపయోగం. ఇంకా పెద్ద విషయం, మంచి కీబోర్డులకు ఎడమవైపు పిచ్ బెండ్ చక్రం ఉంటుంది, స్వరాన్ని కొంచెం పైకీ కిందికీ లాగి గమకం లాంటిది పలికించవచ్చు. నేను చెప్పిన మూడు పియానోల్లో ఆ చక్రం లేదు. దేవరకొండ నుంచి వచ్చే ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరరు గారికి కీర్తనలు వాయించుకోవాలని కోరిక. ఆయన పియానో కొంటానన్నా నేను వద్దని చెప్పి 61 మెట్ల కీబోర్డే కొనిపించాను, సంతోషంగా వాయించుకుంటున్నారు. శ్రుతి మార్చుకోవడం మాత్రం పియానోల్లో కూడా కుదురుతుంది, ట్రాన్స్‌పోజ్ సాయంతో ఒకటి శ్రుతిలో వాయిస్తూ ఒకటిన్నరలో వినిపించవచ్చు, మీ నాన్నగారు భజన పాటలు వాయించుకోవడానికి అది చాలు.

పరీక్షలు రాయించే ఉద్దేశం ఉంటే ముందే తేల్చుకోండి. ట్రినిటీ కాలేజ్ లండన్ పరీక్షల్లో పియానోకూ ఎలక్ట్రానిక్ కీబోర్డుకూ వేర్వేరు సిలబస్‌లు ఉన్నాయి. మీ టీచరుగారు ఏది నేర్పుతున్నారో అడిగి, ఆ ఏడాది నిబంధనలను ఆయన చేతే చూపించుకోండి.

సెకండ్ హ్యాండ్ గురించి కూడా రాశారు. పి-45 లాంటివి మంచి ధరకు దొరుకుతాయి, బాగుంటే తప్పకుండా తీసుకోవచ్చు. కానీ మహబూబ్‌నగర్‌లో ఒక కుటుంబం ఫొటోలు చూసి కొన్న పియానోలో మధ్య స్థాయిలో రెండు మెట్లు ఎంత మెల్లగా నొక్కినా గట్టిగానే మోగేవి. అమ్మినవాళ్లు వీడియోలో అంతా గట్టిగానే వాయించి పంపారు, అందువల్ల తెలియలేదు. మీరు స్వయంగా వెళ్లి, వాల్యూమ్ పెంచి, 88 మెట్లనూ ఒక్కొక్కటిగా వీలైనంత మెల్లగా నొక్కండి. తర్వాత వాల్యూమ్ పూర్తిగా తగ్గించి మళ్లీ నొక్కండి, ఏదైనా మెట్టు మిగిలినవాటి కన్నా ఎక్కువగా టకటకమంటే లోపలి మెత్తటి పట్టీ అరిగిందని అర్థం. అసలు అడాప్టరు, బిల్లు అడగండి.

కొత్తది కొనడానికి హైదరాబాద్ వెళ్తే అమ్మాయిని వెంట తీసుకువెళ్లండి. దుకాణంలో వాయించి చూపించే అబ్బాయి అద్భుతంగా వాయిస్తాడు, ఆ చేతిలో ఏదైనా బాగుంటుంది. మీ అమ్మాయికి వచ్చిన పాఠమే రెండు మూడు వాద్యాల మీద వాయించమనండి, ఒకే స్వరాన్ని మెల్లగా మొదలుపెట్టి క్రమంగా గట్టిగా పదిసార్లు నొక్కమనండి, మీరు కళ్లు మూసుకుని ఆ పెరుగుదల మెట్టుమెట్టుగా వినిపిస్తోందో లేదో వినండి. బిల్లు మీద వారంటీ, సర్వీసు చేసే చోటు రాయించుకోండి, బయటి దేశం నుంచి తెచ్చిన సరుకు అయితే ఇక్కడి సర్వీసు కేంద్రాలు పట్టించుకోకపోవచ్చు. అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ పారేయకుండా అటక మీద దాచండి, రిపేరుకు పంపవలసి వస్తే బస్సులో గాని కారులో గాని అదే కాపాడుతుంది.

పియానో ఇంటికి వచ్చిన మొదటి రెండు వారాలు అమ్మాయి వేళ్లు నొప్పి అంటుంది, ఇంతకుముందు వేగంగా వాయించిన పాఠం నెమ్మదిస్తుంది. కంగారుపడి తప్పు కొన్నామనుకోకండి. ఆ రోజుల్లో ఒకేసారి గంట కూర్చోబెట్టకుండా పొద్దున 15 నిమిషాలు, సాయంత్రం 15 నిమిషాలు చాలించండి, ముంజేయి నొప్పి అంటే వెంటనే ఆపించండి. మూడో వారంలో పాత కీబోర్డు మీద ఒకసారి వాయించమనండి, మెట్లు గాలిలో ఉన్నట్టు ఉన్నాయని తనే చెబుతుంది. అప్పుడు ఆ కీబోర్డును మేనమామ గారికి తిరిగి ఇచ్చేయవచ్చు.